సొట్ట గ్లాసు

ఆ ఇంట్లో ఎవరి ఒంట్లో ఏముందో ముందుగా తెలిసేది కషాయమ్మకు కాదు, బట్టలుతికే కోడలికి. ఎవరికి జలుబు పట్టిందో రుమాలు చెబుతుంది, ఎవరికి ఆకలి చచ్చిందో చేతులు తుడిచే తువ్వాలు చెబుతుంది. ఆ రోజు పొద్దున బకెట్లో నానేసిన దుప్పటి మడతల్లోంచి నీళ్ళలోకి ఎరుపు దిగడం చూసి కోడలు చెయ్యి ఆపింది. అంచు పట్టుకుని పైకెత్తింది. అంచుకు నీలం దారంతో కుట్టు ఉంది. అత్త వాళ్ళ అక్క, పెద్దత్త దుప్పటే. వారంలో ఇది మూడోసారి.

సబ్బు పక్కన పెట్టి, గుప్పెడు ఉప్పు తెచ్చి మరక మీద చల్లి, చన్నీళ్ళతో రుద్దడం మొదలుపెట్టింది. నెత్తుటి మరక మీద వేణ్ణీళ్ళు పోస్తే బట్టను కరుచుకుపోతుంది. ఇలాంటివి ఆమెకు ఆసుపత్రిలో తెలిశాయి. పెళ్ళికి ముందు రెండేళ్ళు పెద్దాసుపత్రిలో ఆడవాళ్ళ విభాగం కిటికీ దగ్గర కూర్చుని చీటీలు రాసింది. కిటికీకి ఎదురుగా గోడ మీద ఒక బోర్డు ఉండేది. ‘నెలసరి ఆగిపోయిన ఏడాది తర్వాత ఒక్క చుక్క కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించుకోండి.’ తలెత్తినప్పుడల్లా అదే కనిపించి, చివరికి దాన్ని చదవడం కూడా మానేసింది. ఇప్పుడు మరక రుద్దుతుంటే అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది.

పెద్దత్తకు యాభై ఎనిమిదేళ్ళు. నెలసరి ఆగి ఎనిమిదేళ్ళయింది. ఏడు నెలల కింద మళ్ళీ కనిపించిందనే ముచ్చట, ఈ ఇంట్లో కాలుపెట్టిన రోజే కోడలి చెవిన పడింది. ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషికీ అత్త చెప్పే ముచ్చట అది. ఎప్పుడో ఒకసారి కనిపించి పోయిందేమో అనుకుంది కోడలు. కొత్త కోడలు అంతకంటే ఏమనుకుంటుంది? నిన్నమొన్నటిదాకా పెద్దత్త తన బట్టలు తనే ఉతుక్కునేది. ఈ నెలలో ఆమెకు బకెట్టు ఎత్తే ఓపిక పోయింది కాబట్టి ఆ మూట కోడలి చేతికొచ్చింది, మూటతోపాటు సంగతీ వచ్చింది.

పెరట్లో రేకుల షెడ్డు కింద కాగు మరుగుతోంది. దాని ముందు పీట మీద అత్త కూర్చుని, పొయ్యిలోని కట్టెను ఒక వేలెడు వెనక్కి లాగింది. మంట తగ్గింది. ముందురోజు నానేసిన ఎర్ర బెరడు, కచ్చాపచ్చాగా దంచిన చేదు వేరు, ఎండు పువ్వులు. నిండుకుండ నీళ్ళు ఎనిమిదో వంతుకు దిగేదాకా కాగాలి. ఎంత దిగిందో చూడటానికి ఆమె గరిటె ముంచదు, కొలత పెట్టదు. ఆవిరి వాసన చూసి చెబుతుంది. నలభై ఏళ్ళ అనుభవం అది. ఊళ్ళో ఆమెకు వేరే పేరు లేదు, కషాయమ్మే. ఆలస్యమైన నెలకు, అతిగా పోయే నెలకు, నడుం నొప్పికి, పిల్లలు కలగనందుకు, కలిగాక ఒళ్ళు గట్టిపడేందుకు, అన్నిటికీ ఆ ఒక్క కాగే. కలుపుకుని తాగేదే మారుతుంది. ఒకరికి తేనె, ఒకరికి శొంఠి, ఒకరికి పల్చటి మజ్జిగ. 

ఆమె మోసగత్తె కాదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. మోసగత్తె అయితే ఎప్పుడో ఒకప్పుడు తన మందు మీద తనకు అనుమానం వచ్చి ఉండేది.

“అత్తయ్యా, పెద్దత్తయ్య దుప్పటికి మళ్ళీ...” అంది కోడలు, తడిచేతులు వెనక దాచుకుని.

“ఊఁ. మంచిదే కదా.”

“ఈ వారంలో మూడోసారి. ఇలా కనిపించకూడదు అత్తయ్యా. ఆసుపత్రిలో మా డాక్టరమ్మ...”

“మీ డాక్టరమ్మ వయసెంత?”

“నలభై ఉంటాయేమో.”

“నేను ఈ పొయ్యి ముందు కూర్చుని నలభై ఏళ్ళు. ఆవిడ పుట్టినప్పుడు నేను కాగు దించుతున్నాను.” అత్త నవ్వింది. కోపంగా కూడా లేదు. “ఎండిన చెలమలో నీళ్ళూరితే ఎవరైనా ఏడుస్తారా? ఒళ్ళు ఎండిపోయిన మనిషికి నా మందు మళ్ళీ పచ్చదనం తెచ్చింది. నువ్వు పోయి ఆ బెరడు ఎండలో పరిచిరా. తిరగెయ్యడం మర్చిపోకు.”

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆ ఇంట్లో పెరటి చెట్లన్నీ వైద్యానికి పనికొచ్చాయి, కోడలి మాట ఒక్కటే పనికిరాలేదు. ఆమె చాప పరిచి బెరడు ముక్కలు ఒక్కొక్కటే పరవసాగింది.

పదకొండు గంటలకు కాగు దిగింది. అత్త నాలుగు మడతల గుడ్డలో వడకట్టి పిప్పి పిండింది. అప్పటికే ముందు వరండా బల్లల మీద పదిమంది ఆడవాళ్ళు సీసాలు పట్టుకుని కూర్చున్నారు. కానీ ఇంకా పొయ్యడానికి లేదు. అత్త వాళ్ళ అమ్మ కాలం నుంచి ఆ కషాయానికి రెండు కట్టుబాట్లున్నాయి. ఇంటి ఆడమనిషి గొంతు దిగని కషాయం గడప దాటకూడదు. వండిన చెయ్యి రుచి చూడకూడదు. వండినమ్మ నాలుకకు తన వంట ఎప్పుడూ బాగానే ఉంటుందని రెండో కట్టుబాటుకు అర్థం. అందుకని అత్త ఆ కషాయం ఏనాడూ తాగలేదు. కొత్త కోడలు తాగకూడదు, కడుపులో ఏదైనా నిలిచి ఉంటే పోతుంది. మిగిలింది మొగుడు పోయాక చెల్లెలి ఇంటికి వచ్చేసిన పెద్దత్త. ముప్ఫై ఏళ్ళుగా కషాయం వాయ దిగిన ప్రతిరోజూ మొదటి గ్లాసు ఆమెదే.

పెద్దత్త గోడ పట్టుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆమె గ్లాసు వేరే ఉంటుంది. ఎప్పుడో కిందపడి ఒక పక్క సొట్టపోయిన స్టీలు గ్లాసు. ఆ సొట్టలో ఆమె బొటనవేలు సరిగ్గా ఇమిడిపోతుంది. అత్త పోసింది. ఆమె కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, మూడు గుక్కల్లో తాగేసింది. పెదాలు తుడుచుకుంది.

“వాయ ఎలా వచ్చింది?” అంది అత్త.

“బాగానే వచ్చింది.”

ముప్ఫై ఏళ్ళుగా అదే ప్రశ్న, అదే జవాబు. అత్త గిన్నె ఎత్తుకుని వరండాలోకి నడిచింది. పెద్దత్త వెంటనే లేవలేకపోయింది. కోడలు గ్లాసు అందుకుంటూ ఆమె చేతిని చూసింది. గోళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

*

మర్నాడు కూరగాయల బండామె అరటిపళ్ళ గెల భుజాన వేసుకుని వచ్చింది. అరవై దాటిన మనిషి. రెండు నెలలుగా మోకాళ్ళ నొప్పులకని కషాయం తీసుకెళుతోంది. గెల తీసుకొచ్చి తిన్నగా కషాయమ్మ కాళ్ళ దగ్గర పెట్టింది. బల్లల మీద ఉన్నవాళ్ళంతా మాటలాపి చూశారు.

“ఏంటే, కొట్టంతా ఇక్కడికే మోసుకొచ్చావ్?” అంది అత్త.

బండామె సిగ్గుపడింది. వీధిలో బేరాలాడేవాళ్ళ నోళ్ళు నాలుగు మాటలతో మూయించే మనిషి, చిన్నపిల్లలా గొంతు తగ్గించి, “నాకూ కనిపించిందమ్మా,” అంది. “పదేళ్ళ తర్వాత. ఒట్టు. మా ముసలాడికి చెబితే నమ్మలేదు.”

వరండా అంతా గొల్లున నవ్వింది. ఒకామె బండామె వీపు మీద చరిచింది. ఇంకొకామె, “ఇక ముసలాడికి పళ్ళు కూడా మొలిపించు కషాయమ్మా!” అంది. నవ్వులు ఆగాక అత్త బండామె చెయ్యి పట్టుకుంది. అత్త కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

“మా అక్కకి లాగే!” అంది. “అక్కా, ఒకసారి బయటికి రా. చూడు, నీకు లాగే ఈమెకూ.”

పెద్దత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అందరూ ఆమెను చూశారు. ఎవరో లేచి చోటిచ్చారు. ఒక పిల్లతల్లి వంగి ఆమె పాదాలు తాకబోయింది. పెద్దత్త వద్దు వద్దంటూ గుమ్మం పట్టుకుంది. ముఖంలో రక్తం లేకపోయినా, ఆ ముఖం వెలిగిపోతోంది. కోడలు ఆ వెలుగును చూసి లోపలికి వెళ్ళిపోయింది.

బండామె సీసా నింపుకుని వీధి మలుపు తిరిగేదాకా ఆగి, చెత్త పారబోసే వంకతో కోడలు వెనకే వెళ్ళింది.

“అమ్మా, ఒక్క మాట. మీరు పెద్దాసుపత్రికి వెళ్ళి ఒకసారి చూపించుకోండి. ఈ వయసులో అలా కనిపించడం మంచిది కాదు. ఒక్క చుక్కయినా సరే.”

బండామె ఆమెను కిందనుంచి పైదాకా చూసింది. “నువ్వు కషాయమ్మ కోడలివే కదా?”

“అవునండీ.”

“ఇంటి కూడు తింటూ ఇంటి పొయ్యిలోనే నీళ్ళు పోస్తావా అమ్మా?”

కోడలు చెత్తబుట్ట పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. బండామె వెనక్కి తిరిగి, ఎటు వచ్చిందో అటే, కషాయమ్మ ఇంటివైపే నడిచింది.

ఆ సాయంత్రం దాకా అత్త ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడంలో అత్తది అందెవేసిన చెయ్యి. “ఉప్పు అందుకో” అని అనాల్సి వస్తే గోడకు చెప్పేది, గోడ కోడలికి చెప్పుకోవాలి. కొడుకు వెల్డింగ్ షాపు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగా మాత్రం నోరు తెరిచింది.

“నీ పెళ్ళాం నోటివెంట శుభం అన్న మాట రాదేంట్రా? మందు తాగి బాగుపడ్డ మనిషిని పట్టుకుని, రోగమొచ్చింది పో అంటుందా? వీధిలో నిలబెట్టి!”

కొడుకు అమ్మను చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ ఎక్కువసేపు ఆ తువ్వాలులోనే ఉండిపోయాడు.

“నీకెందుకు ఇవన్నీ?” అన్నాడు చివరికి, గదిలోకి వచ్చాక, మెల్లగా. “అమ్మకు తెలీదా?”

“తెలీదండీ.”

“మరి పెద్దమ్మ? ఆవిడ ఒళ్ళు ఆవిడకు తెలీదా? ఆవిడ అడిగిందా నిన్ను?”

అడగలేదు. అది నిజమే. ఇంట్లో ఉన్న ముగ్గురిలో ఇద్దరితో చెప్పడం గోడకు చెప్పుకున్నట్టే ఉంది. ఒకరికి నమ్మకం అడ్డం, ఒకరికి భయం అడ్డం. ఇక మిగిలింది మూడో మనిషే.

పెద్దత్త పెరటి గుమ్మంలో కూర్చుని ఎండు పువ్వుల్లోంచి పుల్లలు ఏరుతోంది. చేటను మోకాళ్ళ మీద పెట్టుకుని, ఒక్కో పువ్వును రెండు వేళ్ళతో తిప్పి చూసి పక్కకు వేస్తోంది. కోడలు పక్కన కూర్చుని తనూ ఏరడం మొదలుపెట్టింది.

“పెద్దత్తయ్యా, నొప్పి ఉందా?”

“ఎక్కడ?”

“పొత్తికడుపులో.”

పెద్దత్త ఒక పుల్ల తీసి అవతలికి విసిరింది. “ఉంటుందిలే తల్లీ. ఆడపుట్టుక పుట్టాక లేకుండా ఎలా ఉంటుంది?”

“నాతో ఆసుపత్రికి రండి. నేను పని చేసిన చోటే. డాక్టరమ్మ మంచిది, పక్కన నేనుంటాను.”

“ఈ వయసులో పరాయివాళ్ళ ముందు బట్టలు విప్పమంటావా?” నవ్వడానికి చూసింది. తర్వాత నవ్వు ఆపేసింది. “అదీ కాదులే. నేను ఆసుపత్రి మెట్లెక్కడం ఎవరైనా చూస్తే? కషాయమ్మ అక్కే ఆసుపత్రికి పోయిందంటే, రేపు ఈ గుమ్మం ఎవరు తొక్కుతారు? నాకు ముప్ఫై ఏళ్ళు అన్నం పెట్టిన చెయ్యమ్మా అది.”

“మీరు ఊరికే తిన్నారా? రోజూ ఈ విషం...” కోడలు నాలుక కరుచుకుంది.

పెద్దత్తకు కోపం రాలేదు. చేటలోని పువ్వుల్ని అరచేత్తో సర్దింది. “నీకో మాట చెప్పనా? ముప్ఫై ఏళ్ళుగా ఈ ఇంటికి ఎంతమంది వచ్చారో. వాళ్ళందరూ మా చెల్లెల్ని చూడటానికే వచ్చారు. మంచినీళ్ళిచ్చేది నేను, చాపలు పరిచేది నేను. నా ముఖం ఒక్కరికీ గుర్తుండేది కాదు. ఈ ఏడు నెలలుగా నన్ను చూడటానికి వస్తున్నారమ్మా. ఇవాళ చూశావు కదా, లేచి చోటిచ్చారు.”

ఇన్ని మందులు తెలిసిన ఇంట్లో ఆ మాటకు మందు లేదు. కోడలు తల వంచుకుని పుల్లలు ఏరింది. పొద్దు వాలేదాకా ఇద్దరూ ఒక చేటెడు ఏరారు.

*

మూడో రోజు పొద్దున రోట్లో చేదు వేరు దంచుతూ దంచుతూ పెద్దత్త పక్కకు ఒరిగిపోయింది. రోకలి దొర్లి గోడకు తగిలిన చప్పుడుకు కోడలు పరుగెత్తింది. అత్త సంతకు బయలుదేరి, అప్పటికే వీధి చివర దాటిపోయింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. ముఖం మీద నీళ్ళు చల్లితే పెద్దత్త కళ్ళు తెరిచి, ముందుగా తన బట్టల వైపు చూసుకుంది. కింద గచ్చు మీద తడి ఉంది. ఆమె ఆ తడిని చూసి కోడలి చెయ్యి పట్టుకుంది.

“పద,” అంది. ఇంకేం అనలేదు.

బస్సులో ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి, కింద రెండు మడతలు వేసిన పాత దుప్పటి పరిచింది కోడలు. ఆసుపత్రి కిటికీలో చీటీలు రాసేందుకు ఇప్పుడు వేరే అమ్మాయి ఉంది. కిటికీ అదే, బల్ల అదే, ఎదురుగా బోర్డూ అదే. ఎండకు అక్షరాలు కాస్త వెలిసిపోయాయి. బల్ల మీద కూర్చున్న పెద్దత్త ఆ బోర్డునే చూస్తోంది. ఆమెకు చదువు రాదు.

“అంత పెద్దగా ఏం రాశారమ్మా?”

కోడలు ఒక క్షణం ఆగింది. “డాక్టర్లు వచ్చే వేళలు, పెద్దత్తయ్యా.”

“మనం వేళకే వచ్చామా?”

“వచ్చాం.”

డాక్టరమ్మ కోడల్ని గుర్తుపట్టి, “నువ్వా! పెళ్ళయిందన్నారు,” అని నవ్వింది. ఆ నవ్వు తెర వెనక్కి వెళ్ళేదాకే ఉంది. తెర వెనక నుంచి మొదట ప్రశ్నలు వినిపించాయి, తర్వాత పెద్దత్త మూలుగు, తర్వాత పళ్ళెంలో పరికరాలు పెట్టిన చప్పుడు. కోడలు తెర ఇవతల నిలబడి, పెద్దత్త చెప్పుల్ని పక్కపక్కన సరిగ్గా పెట్టింది. కాసేపాగి మళ్ళీ సరిగ్గా పెట్టింది. తర్వాత స్కానింగుకు పంపారు. అక్కడ రెండు గంటలు.

కాగితాలు చూశాక డాక్టరమ్మ పెద్దత్తను బయట కూర్చోమని, కోడల్ని మాత్రం ఉండమంది.

“ఎన్నాళ్ళుగా?”

“ఏడు నెలలు.”

“నువ్వు ఇక్కడ రెండేళ్ళు చీటీలు రాశావు.”

“రాశాను మేడమ్.”

డాక్టరమ్మకు వెంటనే అలా అన్నందుకు బాధేసినట్టుంది. అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “ముక్క తీసి పరీక్షకు పంపాం, రిపోర్టు వారానికి వస్తుంది. కానీ దాచడం ఎందుకు? క్యాన్సరే. గర్భసంచి దాటి పాకింది. మొదటిసారి కనిపించినప్పుడే వచ్చి ఉంటే, గర్భసంచి తీసేస్తే సరిపోయేదేమో. చాలామందికి సరిపోతుంది.”

“ఆ కషాయం వల్లే వచ్చిందా మేడమ్? రోజూ తాగేది.”

“అలా అని నేను చెప్పలేను. కషాయం చేసింది ఒక్కటి మాత్రం చెప్పగలను. ఏడు నెలలు కూర్చోబెట్టింది.”

“ఇప్పుడు?”

“కరెంటు పెడదాం, అదే రేడియేషన్. నెత్తురు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది.” ఆ తగ్గే జాబితాలో జబ్బు లేదని కోడలు గమనించింది. చేతులు కాలాక పట్టుకునే ఆకులు కూడా ఆకులే కాబట్టి, డాక్టరమ్మ రాసిచ్చిన కాగితాలన్నీ మడతపెట్టి సంచిలో పెట్టుకుంది.

బయట బల్ల మీద పెద్దత్త పక్కనున్న ఎవరో పిల్లను ఆడిస్తోంది. కోడలు రాగానే ముఖం చూసింది. చదువు రాకపోయినా ముఖాలు చదవడం వచ్చు.

“చెల్లెలికి నేను చెబుతానా, నువ్వు చెబుతావా?” అని మాత్రం అడిగింది.

*

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. వరండా నిండిపోయి ఉంది. పదకొండింటికి దిగాల్సిన వాయ సంత నుంచి అత్త వచ్చాక ఆలస్యంగా దిగింది. దిగి కూడా గంటన్నర అయింది. రుచి చూసే మనిషి లేదు కాబట్టి ఒక్క చుక్క గడప దాటలేదు. పిల్లలు ఏడుస్తున్నారు, సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి. కూరగాయల బండామె కూడా ముందు వరసలోనే ఉంది. కోడల్ని చూసి ముఖం తిప్పుకుంది.

పెరట్లో అత్త గిన్నె మీద మూత పెట్టి, మూత మీద చెయ్యి పెట్టి కూర్చుని ఉంది.

“ఎక్కడికి పోయారు ఇద్దరూ? ఇంటి ముందు ఇంతమందిని పెట్టుకుని! వాయ చల్లారిపోయింది.” అక్క ముఖం చూశాక గొంతు తగ్గింది. “ఏమైందక్కా?”

పెద్దత్త స్టూలు మీద కూర్చుంది. కోడలు సంచిలోంచి కాగితాలు తీసింది. దారి పొడుగునా మెత్తని మాటలు వెతుక్కుంటూ వచ్చింది. నోరు తెరిస్తే ఒక్కటీ రాలేదు.

“క్యాన్సర్ అత్తయ్యా. ముదిరిపోయింది. మొదటి చుక్కకే వచ్చుంటే బతికేది అన్నారు.”

అత్త కాగితాలు అందుకుంది. తిరగేసి చూసింది. ఆమెకూ చదువు రాదు, ఆసుపత్రి ముద్ర మాత్రం తెలుసు. ఆ ముద్ర మీద బొటనవేలు పెట్టి రుద్దింది. కోడలు ఎదురుచూసింది. డాక్టర్లను తిడుతుందనుకుంది, తనను తిడుతుందనుకుంది, ఇంకాస్త ఎక్కువ మరగబెట్టిన వాయ నాలుగు రోజులు తాగిస్తే తగ్గుతుందంటుందనుకుంది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని నలభై ఏళ్ళు వాదించిన మనిషి, ఇప్పుడు ఒళ్ళో కాగితాలు పెట్టుకుని అలా కూర్చుంది.

వరండాలోంచి ఎవరో కేకేశారు. “అమ్మా! ఇంకా ఎంతసేపు? బస్సు పోతుంది!”

పెద్దత్త చెయ్యి చాచింది. “నా గ్లాసేదీ?” అంది. “పాపం, వాళ్ళు పొద్దుట్నుంచీ కూర్చున్నారు.”

కోడలికి ఒళ్ళు మండిపోయింది. అరవాలనిపించింది. అరిచి ఎవర్ని అనాలి? చేయి చాచిన ఆ మనిషిని ఏమని అనగలదు? ఆమె కదలకుండా నిలబడింది. అత్తే లేచి గూట్లోంచి సొట్ట గ్లాసు తీసింది. మూత తీసింది. గరిటెతో అలవాటైన కొలతకు పోసింది. ఒక్క చుక్క ఒలకలేదు. గ్లాసు పట్టుకుని అక్క ముందుకు నడిచింది. పెద్దత్త వేళ్ళు గ్లాసుకు తగిలాయి.

అత్త గ్లాసు వదల్లేదు.

వెనక్కి లాక్కుని, తన నోటికి ఎత్తుకుంది. సొట్ట ఎటు ఉండాలో తెలియక పెదవికి అడ్డం పడింది. ఒక గుక్క మింగింది. ముఖమంతా వంకర తిరిగింది, కడుపులోంచి తన్నుకొచ్చింది. గోడకు చెయ్యి ఆనించి, వంగి, సగం కక్కేసింది. మళ్ళీ ఎత్తింది. రెండో గుక్క. మూడోది పోలేదు. కళ్ళల్లోంచి, ముక్కులోంచి నీళ్ళు కారుతుండగా అక్క వైపు తిరిగింది.

“ఇంత చేదా అక్కా?”

“చేదే.”

“మొదట్నుంచీనా?”

“మొదట్నుంచీ.”

“ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి చెప్పలేదేం?”

పెద్దత్త ఆమె చేతిలోంచి గ్లాసు మెల్లగా తీసుకుంది. “నువ్వు వాయ ఎలా వచ్చిందనే అడిగేదానివి కదే. నాకెలా ఉందని ఎప్పుడడిగావు?” అంది. నిష్ఠూరం ఏమీ లేదు ఆ గొంతులో. చిన్నప్పుడు చెల్లెలి ముక్కు తుడిచిన చెయ్యే కాబట్టి, ఇప్పుడూ తన బట్ట అంచుతో ఆమె ముఖం తుడిచింది.

అత్త చాలాసేపటికి తేరుకుని వరండాలోకి నడిచింది. చేతిలో గిన్నె లేదు. కోడలు గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది.

“ఇవాళ వాయ బాగా రాలేదు,” అంది అత్త.

అలాంటి మాట ఆ వరండా ఎప్పుడూ వినలేదు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకరిద్దరు గొణుక్కుంటూ సీసాలు సంచుల్లో పెట్టుకున్నారు. “రేపు రమ్మంటావా అమ్మా?” అని ఎవరో అడిగారు. అత్త ముందు వరసలో ఉన్న కూరగాయల బండామె దగ్గరికి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

“రేపు పొద్దున బండి తోలకు. మా కోడలితో పెద్దాసుపత్రికి వెళ్ళు.”

బండామె నోరు తెరిచింది. గుమ్మంలో ఉన్న కోడల్ని చూసింది, మళ్ళీ కషాయమ్మను చూసింది. “నాకేమైందమ్మా?” అంది. “నువ్వే అన్నావు కదా, మీ అక్కకి లాగే అని.”

“అవును,” అంది కషాయమ్మ. “మా అక్కకి లాగే.”